ఎడమచెవి గాటు

పోయినవారం మనం కాశమ్మను పోతులవంక చావడి ముందర, మిట్టమధ్యాహ్నపు ఎండలో, చెప్పులు లేని కాళ్లతో నిలబెట్టి ఎవరి పనులకు వాళ్లం వెళ్లిపోయినాం. పాపం, ఏడు రోజులుగా ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. కాళ్ల కింద పలకరాతి పెచ్చులు. మార్కాపురం పక్క పలకరాయి ఎండకు కాగితే ఎట్లుంటుందో తెలియనివాళ్లకు ఒక మాట. తర్లుపాడులో ఒకాయన ఆ రాతిమీద జొన్నరొట్టె వేసి, తిప్పేలోపల మాడిపోయిందని రాతితో తగవు పెట్టుకున్నాడట. అట్లాంటి రాతిమీద నిలబడి కూడా కాశమ్మకు కాళ్లు కాలుతున్న సంగతి తెలియడం లేదు.

జరిగింది గుర్తులేనివాళ్ల కోసం రెండు ముక్కలు. కాశమ్మకు పదిహేనేండ్లు. వాళ్ల నాయన ఓబులయ్య మూడేండ్ల కింద ఒక పొద్దున తన ముప్పై గొర్రెలనూ తోలుకొని, మేత కోసమని దోర్నాల అడవికి పోయినాడు. గొర్రెలకు మేత దొరికిందో లేదో గానీ ఓబులయ్యకు దొరికింది. శ్రీశైలం పోయే యాత్రికులకు రోడ్డుపక్కన అన్నం వండిపెట్టే హోటలామె ఒకామె ఉంది. ఆమె దగ్గరే ఉండిపోయినాడు. ఇంట్లో మిగిలింది అమ్మ రోశమ్మ, కాశమ్మ, రోశమ్మ పెండ్లినాడు పుట్టింటివాళ్లు అరణంగా ఇచ్చిన ఏడు గొర్రెలు. అందులో ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. మిగిలిన ఆరింటినీ, వాటి సంతతినీ కాచి కాచి కాశమ్మ ముప్పై ఏడు చేసింది. బడి మానేసి చేసింది.

ఇప్పుడు ఓబులయ్య మూడేండ్లకు ఊర్లో దిగినాడు. పోయినవారం మనం చూస్తుండగానే కులపెద్ద ముందర మొగుడూ పెండ్లామూ ఒక గడ్డిపరకను చెరో కొసా పట్టుకొని తుంచినారు. దాంతో వాళ్ల కాపురం తెగిపోయింది. అందరూ లేవబోతుంటే ఓబులయ్య తువ్వాలు దులిపి, "జీవాల సంగతి కూడా తేలితే బాగుంటది," అన్నాడు.

మనం ఆగింది అక్కడ.

కులపెద్ద గురవయ్య తాత లేవబోయినవాడు మళ్లీ గొంగడి మీద కూలబడినాడు. ఆయనకు ఒక కన్ను లేదు. నల్లమలలో తోడేలుతో కలియబడినప్పుడు పోయిందని ఆయన చెప్తాడు. ఆ తోడేలు ఏడాదికింత పెరిగి ఈమధ్యనే చిరుతపులి అయింది. చిన్నప్పుడు అమ్మవారు పోసి పోయిందని ఆయన పెండ్లాం చెప్తుంది గానీ, ఆమె మాట ఊర్లో ఎవరూ వినరు. చిరుతపులే బాగుంటుంది కదా.

"ఏం జీవాలురా నాయనా," అన్నాడు గురవయ్య తాత. "పోయేటప్పుడు తోలుకపోతివి గదా. ఇంకా ఏం మిగిలినాయి?"

"కొన్ని వదిలిపెట్టి పోయినా మామా. పది గొర్రెలు. పిల్ల బతుక్కు ఉంటాయని."

రోశమ్మ అప్పటిదాకా అరుగు పక్కన గుంజకు ఆనుకొని కొంగు నోటికడ్డం పెట్టుకొని ఉంది. కొంగు తీసింది.

"పదా? తోక కూడా వదల్లేదు గదయ్యా. కుంటి గొర్రెను భుజాన వేసుకొని పోతివి. ఈ వాకిట్లో నిలబడి చూసినా నేను."

"చూసినావులే. ఆ పొద్దు నీ కండ్లనిండా నీళ్లు. ఏం కనబడిందో ఏమో."

ఆ మాటకు ఇద్దరు ముగ్గురు నవ్వినారు. ఓబులయ్య మాటకారి. దోర్నాల నీళ్లు ఒంటికి పట్టినట్టున్నాయి, బుగ్గలు నిండినాయి, మీసం దువ్వెనతో దువ్వినట్టుంది. కాశమ్మ పొద్దుటి నుంచీ ఆ మొహంలో పాత నాయన కోసం వెతుకుతోంది. ఎక్కడో ఒకచోట, నవ్వేటప్పుడు కుడికన్ను కొద్దిగా మూసుకోవడంలో, కనబడుతున్నాడు. 

"ఏం మరిదీ," అన్నది వెంకటరత్నమ్మ. ఓబులయ్యకు స్వయానా వదిన, కాశమ్మకు పెద్దమ్మ. ఊర్లో ఆమె నోటికి దూరంగా ఉండే కోళ్లు మాత్రమే గుడ్లు పెడతాయంటారు. "గోళ్లు ఎర్రగా ఉన్నాయి? దోర్నాలామె గోరింటాకు పెట్టిందా ఏంది?"

ఓబులయ్య కుడిచెయ్యిని తువ్వాలు కిందికి లాక్కున్నాడు. "హోటల్లో కారం దంచినా వదినా."

"అబ్బో. కారం కూడా దంచుతున్నావా. ఇక్కడున్నన్నాళ్లూ కుండలో నీళ్లు ముంచుకొని తాగడం చేతకాకపోయె గదయ్యా."

"సరేలే ఎంకటరత్నమ్మా," అన్నాడు గురవయ్య తాత. "కర్నూల్లో ఉన్న రాజధానే మొన్న మూటాముల్లె కట్టుకొని హైదరాబాదు పోయింది. పాతకాపురం వద్దనుకునే రోజులొచ్చినాయి. ఓబులుగాడు ఏపాటి." నవ్వు సద్దుమణిగే దాకా పుగాకు నమిలి, పక్కకు ఉమిసి, అప్పుడు గొంతు మార్చినాడు. "ఒకరు పది వదిలినా అంటారు, ఒకరు ఒక్కటీ లేదంటారు. మాటకు మాట సరిపోయింది. ఇంక మనకు ఉన్నది ఒక్కటే. చెవులు చూడండి."

కాశమ్మకు కాళ్లు కాలుతున్న సంగతి తెలియకపోవడం ఇందుకే. చెవులు చూడమంటారని నాయన జీవాల మాట ఎత్తినప్పుడే ఆ పిల్లకు తెలుసు.

ఈ సీమలో జీవాలు కాచేవాళ్లకు పత్రాలూ ముద్రలూ లేవు. ఒక్కో ఇంటికి ఒక్కో గాటు ఉంది. ఓబులయ్య ఇంటిది ఎడమచెవి కొన అడ్డంగా కోసిన కోత. రోశమ్మ పుట్టింటిది కుడిచెవి అంచున ఒక్క గాటు. పిల్ల పుట్టిన పదోనాటికి ఎవరి గాటు వాళ్లు పెట్టుకోవాలి. పెట్టినాక అది మాయేది కాదు, మారేది కాదు. అరణపు గొర్రెలకు పుట్టిన పిల్లలకు ఆడదాని పుట్టింటి గాటే పడాలి. ఇది గొల్లింట్లో పుట్టిన ఏ పిల్లకైనా పాలు మరిచేలోపలే తెలుస్తుంది.

కాశమ్మకూ తెలుసు. అయినా మూడేండ్లుగా ఆ పిల్ల పుట్టిన ప్రతి గొర్రెపిల్లకూ ఎడమచెవే కోసింది.

నాయన పోయేనాటికి కాశమ్మకు పన్నెండేండ్లు. పోయే ముందర రోజు ఆయన ములుగర్ర చివర ముల్లు సరిచేస్తూ, తన చిన్నకత్తిని ఆ పిల్ల చేతికిచ్చి, "ఇది నీ దగ్గర పెట్టుకో. మన గాటు మరవొద్దు," అన్నాడు. ఊరికే అన్నాడో, ఏమనుకొని అన్నాడో. రెండు నెలలకు అరణపు గొర్రె ఒకటి ఈనింది. రోశమ్మ, "కుడిచెవికి పెట్టవే, అది మా అమ్మోళ్ల గొర్రె," అని చెప్పి కూలికి పోయింది. కాశమ్మ గుట్టమీద, ఎవరూ లేనిచోట, పిల్లను తొడల మధ్య ఇరికించుకొని, కత్తిని ఎడమవైపు తిప్పింది. గాటు ఉంటే మంద ఆయనది. మంద ఆయనదైతే ఎప్పుడో ఒకనాడు చూసుకోవడానికన్నా వస్తాడు. పన్నెండేండ్ల పిల్ల వేసిన లెక్క అది. ఒకటో పిల్లకు అట్ల చేసినాక, రెండోదానికి వేరేగా చెయ్యడానికి మనసొప్పలేదు. రెండోదానికి వేరే గాటు పెడితే ఆయన ఇంక రాడని తనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

చావడి వెనకే రోశమ్మ వాళ్ల దొడ్డి. ఇద్దరు మనుషులు పోయి ముళ్లకంప పక్కకు లాగి లోపలికి దూరినారు. కంప మొదలు లోపలివైపు, కొస బయటివైపు ఉంది. పొద్దున వచ్చి చూసినప్పుడూ అట్లే ఉంది. కాశమ్మ ఎప్పుడూ మొదలు బయటికి పెడుతుంది. పొద్దున గాలికి తిరిగిందేమో అనుకుంది. ఇప్పుడు దాని సంగతి ఆలోచించే తీరిక లేదు. కర్రోడు, అంటే ఆ ఇంటి నల్లకుక్క, కాకి వాలినా ఊరు లేచేట్టు మొరిగేది, ఓబులయ్య కాళ్ల దగ్గర పడుకొని తోకతో నేల ఊడుస్తోంది.

"మూడేండ్లయినా మరవలేదు చూడు," అని మురిసిపోయినాడు ఓబులయ్య. "కుక్కకున్న ఇది..." మిగతా మాట మింగినాడు.

లోపలి నుంచి కేక వచ్చింది. "మామా, ముసలి గొర్రెలు ఆరు కుడిగాటు. మిగతా ముప్పై ఒకటీ ఎడమకోత. పాలుతాగే పిల్లలతో సహా."

ఎవరూ మాట్లాడలేదు. వెంకటరత్నమ్మ కూడా మాట్లాడలేదు. ఊర్లో అది కరువు సంవత్సరం మాదిరి చెప్పుకోవాల్సిన సంగతి. గురవయ్య తాత ఉన్న ఒక్క కన్నూ రోశమ్మ వైపు తిప్పినాడు. రోశమ్మ నేలను చూస్తోంది.

"మందను ఎవరు కాసినారు? గాటు ఎవరు పెట్టినారు?"

"నేనే తాతా," అన్నది కాశమ్మ.

"అన్నీ నువ్వేనా?"

"అన్నీ నేనే."

"ఆ ఎడమకోత గొర్రెలు ఎవరి కడుపున పుట్టినాయి?"

"అమ్మ గొర్రెలకే పుట్టినాయి. ఆరింటికీ, వాటి పిల్లలకీ. ఏ పిల్ల ఏ రోజు, ఏ గుట్టమీద పడిందో చెప్తా. అడగండి."

"అడుగుతాంలే. నువ్వు చెప్తావు. నువ్వు చెప్పింది గొర్రె ఒప్పుకోవాల గదా." గురవయ్య తాత గొంతులో ఎగతాళి లేదు. "అమ్మ గొర్రెకు పుట్టినదానికి నాయన గాటు ఎట్ల పడింది? నీకు తెలియక పెట్టినావా?"

తెలియక పెట్టినానని ఒక్క మాట అంటే అయిపోయేది. చిన్నపిల్ల, తెలియక చేసింది అని తాత ఏదో ఒక దారి వెతికేవాడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, ఆ మాట కోసమే తాత అంత నెమ్మదిగా అడిగినాడు. కాశమ్మకు అబద్ధం నోటికి రాకపోలేదు. తెలియదంటే మందను కాసింది తెలివిలేని పిల్ల అని అర్థం. మూడేండ్లు వానలోనూ ఎండలోనూ తను చేసిన ఒక్కటే పని, అది తెలియక చేసినట్టు చెప్పుకోవాలి. నాలుక తిరగలేదు.

"తెలిసే పెట్టినా," అన్నది.

"చెప్పింది గదా మామా," అన్నాడు ఓబులయ్య. "నావి కాకపోతే నా గాటు ఎందుకు పెడతది? మీరే అడగండి."

"నువ్వే అడుగు. నీ కూతురే గదా."

ఓబులయ్య ఇటు తిరిగినాడు. పొద్దుటి నుంచీ ఆ పిల్ల మొహం నేరుగా చూడటం అదే మొదలు. "ఏమ్మే, ఎందుకు పెట్టినావు?"

కాశమ్మకు చుట్టూ ఉన్నవాళ్లు కనబడలేదు. "నువ్వు వస్తావని," అన్నది.

 ఓబులయ్య కన్ను కొద్దిగా మూసుకుంది, పాత నాయన తొంగిచూసినాడు. ఇప్పుడేదో అంటాడు, పరక తుంచిన చేత్తోనే ఏదో ఒకటి కలుపుతాడు అని ఆ పిల్లకే కాదు, పక్కన నిలబడ్డ రోశమ్మకు కూడా అనిపించింది.

"వచ్చినా గదా," అన్నాడు ఓబులయ్య.

అంతే. తువ్వాలు భుజం మార్చుకొని తాత వైపు తిరిగినాడు.

గురవయ్య తాత పుగాకు నమలడం ఆపినాడు.  "కర్నూలు కోర్టులో కాగితం ఉన్నోనిది భూమి. మన దగ్గర గాటు ఉన్నోనిది జీవం. నా తాత అట్లే తెంచినాడు, నేనూ అట్లే తెంచాల. ఈ పిల్ల మొహం చూసి గాటును కాదంటే, రేప్పొద్దున దొంగ కూడా ఒక ఏడుపు మొహం పట్టుకొని వస్తాడు."

"తాతా," అన్నది కాశమ్మ. "పాలుతాగే పిల్లలు తొమ్మిది ఉన్నాయి. వాటికి గాటు పెట్టి నెల కూడా కాలేదు. అవి ఎవరి పిల్లలో నేను చెప్పను. నువ్వూ చెప్పొద్దు. వదిలిపెట్టి చూడండి."

తాత కన్ను మెరిసింది. ఆ మెరుపును ఆయన వెంటనే దాచేసుకున్నాడు.

గొర్రెపిల్లలను ఒక తడిక వెనక, పెద్దవాటిని ఒక తడిక వెనక నిలిపినారు. పొద్దుటి నుంచీ పాలు లేని పిల్లలు గుక్కపట్టి అరుస్తున్నాయి. తడిక ఎత్తంగానే తొమ్మిదీ ఒక్కటే ఉరుకు. మనిషి బిడ్డ అయితే పరాయి ఒళ్లో కూడా కాసేపు నిద్రపోతుంది గానీ గొర్రెపిల్ల వందలో ఉన్నా తన తల్లి పొదుగును తప్ప ఇంకోదాన్ని ముట్టదు, ముట్టినా తల్లి తన్నుతుంది. అయిదు పిల్లలు ముసలి గొర్రెల కింద దూరి తోకలాడించినాయి. నాలుగు పిల్లలు వయసు గొర్రెల కిందికి పోయినాయి. ఆ వయసు గొర్రెలకు ఎడమకోత ఉంది.

"అయిదు రోశమ్మవి," అన్నాడు తాత. "గాటు పొరపాటు అని గొర్రే చెప్పింది గాబట్టి. మిగతావి గాటు ప్రకారం ఓబులయ్యవి."

"ఆ నాలుగింటి తల్లులు కూడా ఈ ముసలివాటికి పుట్టినవే తాతా. బొల్లిని చూడు, దాని మొహం చూడు, దాని తల్లి మొహం చూడు."

"పాలు మరిచినదాన్ని తల్లి గుర్తుపట్టదమ్మా. అది గొర్రె జాతి గుణం." ఆయన లేచి గొంగడి దులుపుకున్నాడు. "పదకొండు ఇటు, ఇరవై ఆరు అటు. తీర్పు అయిపోయింది. దీన్ని దాటి ఎవరు ఏం చేసినా, ఆ ఇంటికి ఈ ఊర్లో నిప్పూ నీళ్లూ లేవు. అది ఓబులయ్యకూ చెప్తున్నా, రోశమ్మకూ చెప్తున్నా."

మంద విడదీసేటప్పుడు రోశమ్మ, కాశమ్మ దొడ్డి మూల ఒకచోట నిలబడాల్సి వచ్చింది. కాశమ్మ అమ్మ వైపు చూడలేదు.

"కొట్టమ్మా," అన్నది. "ఒక దెబ్బ కొట్టు."

"ఎందుకు?"

"కుడిచెవికి పెట్టమంటివి గదా. నేను దొంగగా..."

"నాకు తెలుసులేవే." రోశమ్మ ఒక ముసలి గొర్రె వీపు మీద చెయ్యి వేసి ఉంది. "మొదటి పిల్లకు కోసిననాడే చూసినా. నువ్వు నిద్రపోయినాక చెవులు తడిమి చూసినా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

రోశమ్మ గొర్రె వెన్ను మీద ఉన్నిలో చిక్కిన పల్లేరుకాయను ఏరి పారేసింది. ఇంకొకటి ఏరింది.

"నాకూ రావాలనే ఉండె," అన్నది.

కాశమ్మకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. మూడేండ్లుగా తను ఒక్కతే ఆ గాటును మోస్తున్నాననుకుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే గొంగడి కింద, ఒకరికి తెలియకుండా ఒకరు అదే మూటను మోసినారు.

ఇంతలో దొడ్డి వాకిట్లో గందరగోళం మొదలైంది. ఓబులయ్య హే హే అంటున్నాడు, కర్ర తాటిస్తున్నాడు, ఇరవై ఆరు జీవాలూ ఒక్క అడుగు ముందుకు వెయ్యడం లేదు. కొత్త కర్ర, కొత్త గొంతు. ముందుండి నడిపించే బొల్లి అయితే నాలుగు కాళ్లూ నేలలో నాటినట్టు నిలబడి కాశమ్మ వైపు చూస్తోంది. బొల్లి తల్లి పాలివ్వకపోతే, కాశమ్మ తన గంజిలో సగం పోసి పెంచింది దాన్ని.

"దాని చేతిలో పెరిగినాయి మరిదీ," అన్నది వెంకటరత్నమ్మ, గొంతు తిరిగి వచ్చి. "దోర్నాల దాకా నువ్వు ఒక్కోదాన్నీ చంకనెత్తుకొని పోవాల్సిందే. ఆ కుంటిదాన్ని మోసినట్టు."

ఓబులయ్య చెమట తుడుచుకున్నాడు. "కాశీ, కొంచెం పెద్దరోడ్డు దాకా నడిపించి పోమ్మా. అక్కడి నుంచి నేను చూసుకుంటా. దోర్నాల అడవిలో మేత మోకాళ్లెత్తున ఉంది. జీవాలు కూడా బాగుపడతాయి."

"పోవొద్దు," అన్నది రోశమ్మ.

కాశమ్మ ఆలోచించింది. తనవి కాకుండా పోయినాయి, నిజమే. అయినా బతికి ఉంటాయి. నల్లమలలో పచ్చగడ్డి తింటాయి. ఇక్కడ కర్రతో బాదించుకొని పోవడం కంటే తన వెంట నడిచి పోవడం మేలు.

"పొద్దుగూకేలోపల వస్తా," అని ములుగర్ర తీసుకుంది. నాలుకను అంగిట్లో రెండుసార్లు కొట్టి పిలిచింది. ఇరవై ఆరూ నీళ్లు పారినట్టు ఆమె వెంట పారినాయి.

దారి పలకల గనుల మధ్యగా పోతుంది. రెండువైపులా తవ్విపోసిన నల్లటి రాతికుప్పలు, వాటి వెనక గుట్ట. కాశమ్మ ముందు, మంద వెనక, మంద వెనక ఓబులయ్య, కర్రోడు.  ఆ గుట్టమీదనే రెండేండ్ల కింద తోడేలు పడింది. తోడేలు పడితే మందను గుట్టెక్కించడానికని నాయన చిన్నప్పుడు నేర్పిన ఈల ఒకటి ఉంది, రెండు వేళ్లు నోట్లో పెట్టి ఊదేది. అప్పుడు ప్రాణభయంతో కాశమ్మ ఆ ఈల వేసింది. మంద మేత వదిలి ఎటువి అటు రాతికుప్పల మీదుగా గుట్టెక్కింది. ఆనాటి నుంచీ ఆ ఈల వింటే అంతే. కిందికి దింపాలంటే కాశమ్మ ఒక పూటంతా ఒక్కోదాని పేరు పెట్టి బతిమాలాలి. వేరేవాళ్లు దింపాలంటే మళ్లా తోడేలే పుట్టాలి.

దారికి అడ్డంగా ఒక వంక ఉంది, ఎండిపోయింది. బొల్లికి మందను మించి పోయే గుణం ఉంది. కాశమ్మను దాటి ఎగిరి వంక దూకింది. దూకినప్పుడు తోక లేచింది.

తోక కింద, తెల్లటి బొచ్చు మీద, ఎర్రగా ఏదో కనబడింది.

పుండేమో అని కాశమ్మ పరుగున పోయి పట్టుకొని చూసింది. నెత్తురు కాదు. వేలితో రాసింది. వేలికి అంటుకుంది. చిక్కటి ఎర్రరంగు, కొత్తది, ఇంకా పూర్తిగా ఆరలేదు. బొల్లి వెనక వచ్చిన బలిసిన పొట్టేలు తోక ఎత్తింది. దానికీ ఉంది. ఇంకోదానికీ ఉంది.

ఆ రంగు ఎవరు పూస్తారో మందలు కాచే పిల్లకు చెప్పక్కర్లేదు. కోతకు జీవాలు కొనే బేరగాడు తను ఏరుకున్నవాటికి పూస్తాడు. నడుం మీద పూస్తారు ఎవరైనా. ఎవరికీ కనబడకూడదనుకుంటే తోక కింద పూస్తారు.

తిరగబడి ఉన్న ముళ్లకంప. తెల్లవారుజామున మొరగని కుక్క. గోళ్ల సందుల్లో ఎరుపు. చావడిలో గురవయ్య తాత గొంగడి పరుచుకోకముందే, పరక తుంచకముందే, ఎవరి చెవికి ఏ గాటుందో ఎవరూ అడగకముందే, నాయన బేరగాణ్ణి వెంటబెట్టుకొని దొడ్డిలో దూరినాడు. కాశమ్మ పెట్టిన గాట్లు తడిమి చూసుకొని, ఏరించి, రంగు పూయించి, తువ్వాలుతో చేతులు తుడుచుకొని వచ్చి తీర్పు అడిగినాడు.

కాశమ్మ తల ఎత్తింది. రాతికుప్ప మలుపు దగ్గర, పెద్దరోడ్డు పక్కన, వెనక కటకటాలు బిగించిన లారీ ఒకటి నిలబడి ఉంది. బీడీ కాలుస్తూ ఒక మనిషి వెనక తలుపు దింపుతున్నాడు. ఆయన కాళ్ల దగ్గర ఒక డబ్బా, డబ్బా అంచున ఎర్రటి చారలు.

ఊర్లోకి పరుగెత్తి తాతకు రంగు చూపించొచ్చు. తాత చూస్తాడు, తీర్పు తిప్పుతాడేమో కూడా. ఆమె పోయి వచ్చేలోపల లారీ మార్కాపురం దాటి ఉంటుంది. ఇక్కడే ఏమన్నా చేస్తే తీర్పు దాటినట్టు. ఆ ఇంటికి నిప్పూ నీళ్లూ లేవన్నాడు తాత. ఆ ఇంట్లో ఉన్నది అమ్మ.

బొల్లి వచ్చి ఆమె తొడకు తల రాసింది.

"నడువు, ఎందుకు నిలబడినావు?" వెనక నుంచి ఓబులయ్య కేకేసినాడు. "అదిగో రోడ్డు వచ్చింది గదా."

కాశమ్మ ములుగర్రను నేలమీద పెట్టింది. ఎర్రరంగు అంటిన వేలిని లంగాకు తుడుచుకుంది. ఎంత తుడిచినా పోలేదు. అట్లే, ఆ ఎరుపుతోనే, రెండు వేళ్లూ నోటి దగ్గరికి ఎత్తింది.

ఆ ఎత్తడం చూసి ఓబులయ్య గుర్తుపట్టినాడు. నేర్పింది ఆయనే కదా. ఆయన చేతిలో కర్ర జారింది. 

"అమ్మా కాశీ, వద్దమ్మా. నీకు తెలియదు. ఆ జీవాలు లారీ ఎక్కకపోతే వాళ్లు నన్ను..."

కాశమ్మ గుండెనిండా గాలి పీల్చుకుంది.